ఏడో కొక్కెం

కోటి పోయిన రోజు సాయంత్రం చలిగది బయట ఏడు కొక్కేలకూ ఏడు టోపీలు వేలాడుతున్నాయి.

రాయపురంలో చేపలు నిల్వచేసే కంపెనీ అది. గది లోపల సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. పనివాళ్ళు ఏడుగురు. ఒక్కొక్కరికి ఒక నీలం ఉన్ని టోపీ, దానిమీద నంబరు. లోపలికి వెళ్ళేవాడు తన టోపీ తీసి పెట్టుకుంటాడు. బయటికి వచ్చాక తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఆరు గంటలకు సూపర్‌వైజర్ యతిరాజులు టోపీలు లెక్కపెట్టి తలుపుకు తాళం వేస్తాడు. పదహారేళ్ళుగా అదే పద్ధతి. లోపలినుంచి తలుపు తీసే పిడి విరిగి మూడు నెలలైంది. టోపీలుండగా దానితో పనేముందని ఎవరూ బాగుచేయించలేదు.

మర్నాడు ఉదయం తాళం తీసింది కూడా యతిరాజులే. కోటి తలుపు వెనకే ఉన్నాడు. మోకాళ్ళు ముడుచుకుని, కోటు హుడ్ కళ్ళదాకా లాక్కుని.

కోటి పెట్టుకోవాల్సిన ఏడో టోపీ కొక్కేనికే ఉంది.

ముందురోజు సాయంత్రం కూడా అది అక్కడే ఉందని యతిరాజులు అన్న మాట ఎవరూ నమ్మలేదు. ఆ చలిలోకి టోపీ లేకుండా ఎవడు వెళ్తాడు? యతిరాజులు లెక్కపెట్టకుండానే తాళం వేశాడన్నారు. పొద్దున శవం తలమీది టోపీ తీసి తనే కొక్కేనికి తగిలించాడన్నారు. పోలీసులూ అలాగే రాసుకున్నారు. ఇక మిగిలింది కోటి భార్య సునయన వాంగ్మూలం. అది పదో రోజున. ఆమె ఏం చెబుతుందో దాన్నిబట్టి అరెస్టు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం యతిరాజులు తొండియార్‌పేటలో వాళ్ళింటికి వచ్చాడు.

సునయన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో బూడిదరంగు ఊలు. పక్కన క్రోషే సూది. కాళ్ళ దగ్గర నిమ్మకాయంత ఊలుండ. అతన్ని చూసి కూర్చోమన్నట్టు తలూపింది గానీ చేతులు ఆపలేదు.

నాలుగేళ్ళుగా ఆమె పురసవాక్కంలో ఒక అంగడికి చలిటోపీలు అల్లి ఇస్తోంది. ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళేవాళ్ళు పిల్లలకు కొనుక్కుంటారు. కుందేలు చెవులు, పిల్లి చెవులు, ఎలుగుబంటి చెవులు. చెవులుంటేనే అమ్ముడుపోతాయి. మొన్న అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో కూతురు శరణ్య కూడా నేర్చుకుంటానని పట్టుబట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల. మొదట నేర్పేది చెవులే, చిన్నవి కనక. శరణ్య అల్లిన చెవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కుందేలు ఒక చెవితోనే మన మాట వింటుందని, రెండోదానితో వినదని కోటి నవ్వాడు. ఈ తొమ్మిది రోజులుగా సునయన ఆ పిల్లను సూది ముట్టనివ్వలేదు.

ఎదురింటి పంకజం మజ్జిగ గిన్నెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముందు సునయన ఒళ్ళోకి చూసింది.

"పదకొండో దినం కూడా కాలేదు, అప్పుడే అంగడి పనా?"

"ఇది ఈరోజే అయిపోవాల అక్కా. పాప బడినించి వచ్చేలోగా."

పంకజం ఇక ఆమెను వదిలి యతిరాజులు వైపు తిరిగింది.

"టోపీలు బాగా ఎంచినావయ్యా. మనిషిని ఒకతూరి ఎంచుంటే సరిపోయుండె."

యతిరాజులు తల వంచుకున్నాడు. పంకజం గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయేదాకా ఎత్తలేదు. తరువాత చాలాసేపు మాట్లాడాడు. భార్య ముద్ద మింగడం లేదన్నాడు. కొడుకు కాలేజీకి వెళ్ళడం మానేశాడన్నాడు. వీధిలో పిల్లలు తనను చూసి తాళం వేసినట్టు చెయ్యి తిప్పి చూపిస్తున్నారన్నాడు. సునయన వింటోంది. ఊలు ఆమె వేళ్ళ మధ్యనుంచి జారుతోంది. ఎక్కడైనా ముడి తగిలితే సూదిమొనతో సర్దుతోంది.

"ఏడు ఎంచినానమ్మా. ఒకటికి రెండుతూర్లు ఎంచినా" అన్నాడతను. "రేపు టేషన్లో నిన్ను అడుగుతారు. కోటికి వట్టి తలతో లోపలికి పోయే అలవాటు ఉండాదని ఒక్క మాట చెప్పు. అబద్ధం చెప్పమనడం లేదు. నీకు తెలిసుంటేనే చెప్పు."

సునయన చేతులు మొదటిసారి ఆగాయి.

"ఆయన ఎప్పుడూ వట్టి తలతో పోలేదన్నా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకేదో అంటుందేమోనని కాసేపు ఉన్నాడు. ఆమె మళ్ళీ పనిలో పడింది.

"సరిమ్మా" అన్నాడు. గుమ్మం ముందున్న ఒకే ఒక జత చెప్పులు తొడుక్కోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"అన్నా" అని పిలిచింది సునయన.

అతను గబుక్కున వెనక్కి తిరిగాడు.

"పాప రోజూ పొద్దున లేస్తానే అడుగుతుంది. లోపల నాయన ఉంటే తలుపెందుకేసినారు అని."

"ఏం చెప్పినావు?"

"ఏం చెప్పలా."

యతిరాజులు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సునయన లేచి తలుపు దగ్గరికి వేసింది. ఆస్పత్రి వాళ్ళు కోటి బట్టలు కట్టి ఇచ్చిన కవరు మంచం కింద ముడి విప్పి ఉంది. ఊలుండ ఇప్పుడు బత్తాయంతైంది. బడి ఆటో వచ్చే వేళకు ఇంకా పది నిమిషాలుంది. ఆమె మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుని దారం కొస అందుకుంది.

ఆ రోజు కంపెనీ టోపీని కొక్కేనికే వదిలేసి కోటి తలకు పెట్టుకుని లోపలికి వెళ్ళిన టోపీకి శరణ్య అల్లిన రెండు చెవుల్లో ఒకటి ఇంకా విప్పాల్సి ఉంది.