ఎడమ డబ్బాలో పన్నెండో ఎక్కం

"సాంచెను అవతలికి జరుపాలె అన్నా. నా బిడ్డ ఒక్కతే ఇటు రావాలె."

శ్యామలమ్మ క్యాసెట్‌ను కౌంటర్ మీద పెట్టింది. కానీ దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

వరంగల్ చౌరస్తాలో రాంచందర్‌కు క్యాసెట్ల దుకాణం ఉంది. ఈమధ్యే స్టీరియో సెట్టు తెచ్చాడు. రెండు స్పీకర్ డబ్బాలు. ఒకదాంట్లో వీణ, ఇంకోదాంట్లో తబలా వస్తాయని జనం ఆగి మరీ చూసిపోతున్నారు. ఆ సంగతి నేతవాళ్లుండే కొత్తవాడ దాకా పాకింది.

క్యాసెట్‌లో ఉన్నది శ్యామలమ్మ కూతురు సరస్వతి. మరమగ్గాల షెడ్డులో తల్లి సాంచె మగ్గం నడుపుతుంటే, పిల్ల బడి నుంచి వచ్చి పక్కనే కూర్చుని ఎక్కాలు చదివేది. భీమండి నుంచి వచ్చిన మరిది ఒకరోజు సరదాకు టేప్ రికార్డర్‌లో పట్టాడు. ఆ వానాకాలమే పిల్లకు మెదడువాపు వచ్చింది. దవాఖానలో మూడు రోజులు ఉంది. ఫోటో కూడా లేదు. మిగిలింది ఈ క్యాసెట్టే.

రాంచందర్ పెట్టి విన్నాడు. టకటకా టకటకా సాంచె. దాని కింద ఎక్కడో పిల్ల గొంతు.

"సాంచెను తుడిపేస్తే పిల్ల కూడ పోతది చెల్లె. రెండు ఒక్క దాంట్లనే పట్టిండ్రు."

"తుడుపకు. సాంచెను ఉండనియ్యి. వేరే డబ్బాలకు పంపు."

"ఒక్కదాన్ని రెండు చేసే మిషను ఒకటుంటది. ఈ సెట్టు తెచ్చిన్నాడే హైదరాబాద్‌ల అడిగిన. బొంబాయి నుంచి రావాలె, రెండు నెలలు పడ్తది అన్నరు. ఆగుతవా?"

ఆమె అతని ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఆగ. ఇంకో ఉపాయం చూడు."

ఆమెది పెద్ద గొంతు. సాంచెల దగ్గర పనిచేసేవాళ్లంతా అంతే. రాంచందర్‌కు అలవాటే.

టేపు అప్పటికే ఒకచోట నలిగి ఉంది. ఇంకోసారి చిక్కుకుంటే తెగుతుంది. ముందు జాగ్రత్తగా కాపీ తీశాడు. తర్వాత హెడ్‌ఫోన్ చేతికిచ్చాడు.

"ఇది పెట్టుకో. మంచిగ తెలుస్తది."

"అది నాకొద్దు. డబ్బాలే పెట్టు."

మొండి మనిషి అనుకున్నాడు.

ఆమె స్టూలు లాక్కుని రెండు డబ్బాల నడుమ కూర్చుంది. పిల్ల బుగ్గలు పట్టుకున్నట్టు చెరో డబ్బా మీద చెరో చెయ్యి వేసింది. రాంచందర్ మొదట బ్యాలెన్స్ మీట తిప్పి చూశాడు. సాంచె ఎడమకు పోయింది. పిల్లా దానితోనే పోయింది.

"కాదన్నా. రెండు కలిసే పోతానయి."

రెండు టేప్ రికార్డర్లు పెట్టి, ఒకదాని కంటే ఇంకోదాన్ని రవ్వంత ఆలస్యంగా నడిపాడు. శ్యామలమ్మ ఉలిక్కిపడి చేతులు లాక్కుంది.

"తియ్యి, తియ్యి. బిడ్డ వణుకుతాంది."

నిజమే. గొంతు రెండుగా చీలి అదురుతోంది. గబుక్కున ఆపేశాడు.

"రాంచందరన్నా, నా పాటలెప్పుడు నింపుతవే? పెండ్లయి పిల్లలు పుట్టినంకనా?" గడపలోంచి మొగిలి అరిచాడు. వచ్చే వారం అతని పెండ్లి. లోపలికి వద్దామంటే స్టూలు అడ్డం. "జర జరుగక్కా." ఆమె కదల్లేదు. "ఏందక్కా, దుకాణం కొన్నవా?" అప్పుడూ కదల్లేదు.

రాంచందర్ నోటి మీద వేలు పెట్టి సైగ చేశాడు. మొగిలి గడపలోనే నిలబడిపోయాడు.

రాంచందర్ లోపల్నుంచి ఇంకో యాంప్లిఫయర్ తెచ్చాడు. అటు తిరిగి వైర్లు కలుపుతూ అడిగాడు. "పిల్ల ఏ క్లాసు చదివింది చెల్లె?"

జవాబు రాలేదు. అడగాల్సింది కాదు అనుకున్నాడు. మళ్లీ అడగలేదు.

సాంచె దెబ్బ బరువుగా ఉంటుంది. పిల్ల గొంతు సన్నగా ఉంటుంది. ఎడమ యాంప్లిఫయర్‌లో బేస్ పూర్తిగా తగ్గించి ట్రెబుల్ పెంచాడు. కుడిదాంట్లో దానికి తలకిందులు చేశాడు. టేపు వదిలాడు.

కుడి డబ్బాలో సాంచె దబదబమంది. ఎడమ డబ్బాలో పన్నెండో ఎక్కం మొదలైంది. సన్నగా, విడిగా.

శ్యామలమ్మ కళ్లు మూసుకుంది. కుడి చెయ్యి తీసి, దాన్ని కూడా ఎడమ డబ్బా మీదికి తెచ్చుకుంది. పెదవులు కదులుతున్నాయి.

పన్నెండు ఎనిమిదుల దగ్గర పిల్ల ఆగింది.

"ఇగో, ఆగింది," అంది శ్యామలమ్మ. కాసేపటికి, "మళ్ల అందుకున్నది," అంది.

మొగిలి చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టేపు అయిపోయింది. ఆమె చేతులు తియ్యలేదు. రాంచందర్ మళ్లీ మొదటికి తిప్పాడు.

షిఫ్టు దిగి వచ్చిన ఆమె భర్త మార్కండేయులు గడప దగ్గర నిలబడ్డాడు. బనీను నిండా దూది నూగు. భార్య వీపు వైపే చూస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకన్నా," అన్నాడు రాంచందర్ మెల్లగా. "సాంచె అడ్డం లేకుంట బిడ్డ గొంతు మళ్ల విన్నది."

మార్కండేయులు లోపలికి వచ్చాడు. తర్వాత ఆమె వెనక నిలబడే, గొంతేమీ తగ్గించకుండా అన్నాడు.

"సరస్వతి పుట్టకముందే జరమొచ్చి ఆమెకు రెండు చెవులు పోయినయన్నా."