గెబో గీసిన డబ్బా

“ఇంకా డీప్‌గా గీయి అమ్మా. అది ఎక్స్ కాదు, గెబో!” అంది హంసిక.

స్టీలు డబ్బా అడుగున స్క్రూడ్రైవర్‌తో గీస్తోంది విద్య. అందరూ గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటారు; ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఈవిడ రూన్ చెక్కుతోంది.

“ఓల్డ్ వైకింగ్స్ లెటర్ అమ్మా. మీనింగ్ గిఫ్ట్. ఫస్ట్ నువ్వు ఇవ్వాలి. వాళ్లు తిరిగి ఇచ్చేదాకా ఆ ముడి ఊడదు.”

“రూన్ కాదే, రుణం అను,” అన్నాడు సోఫాలోంచి భాస్కర్. డయాలిసిస్ నుంచి వచ్చిన రోజు కూడా ఆ నోటికి సెలవు లేదు. “అది ఇంటూ మార్కే. డాక్టర్ నా కిడ్నీలకి ఎప్పుడో వేసేశాడు.”

విద్య స్క్రూడ్రైవర్ ఇంకాస్త గట్టిగా నొక్కింది. పరీక్షల్లో తనదీ కుదరలేదు, కూతురిదీ కుదరలేదు. పెళ్లి మ్యాచ్‌లూ క్రికెట్ మ్యాచ్‌లూ బోలెడు కుదిరే ఆ కాంప్లెక్స్‌లో కిడ్నీకి మాత్రం మ్యాచ్ లేదు. మొక్కని దేవుడు లేడు. ఇక మిగిలింది పరాయి దేవుళ్ల అక్షరమొక్కటే.

గడపగడపకీ గెబో డబ్బాల్లో పులిహోర, దాంతోపాటు భాస్కర్ కిడ్నీ కబురూ వెళ్లాయి. డబ్బాలు తిరిగొచ్చాయి. మనవాళ్లు ఖాళీ డబ్బా వెనక్కివ్వరు కదా! ఒకదాంట్లో మైసూర్‌పాక్, ఒకదాంట్లో గోంగూర. అన్నీ భాస్కర్ తినకూడనివే.

పై అంతస్తు అనుష్క డబ్బా ఒక్కటే రాలేదు. మాస్టర్స్ చదివే ఆ పిల్లని విద్య లాండ్రీ రూమ్‌లో పట్టుకుంది.

“ఏమ్మా, మా డబ్బా?”

“ఖాళీది ఎట్ల ఇస్తా ఆంటీ? మా మమ్మీ తిడతది. ఏమన్న పెట్టే ఇస్తా.”

ఆ తర్వాత విద్య ఎదురైతే చాలు, ఆ పిల్ల మెట్లదారి పట్టేది. ఓ పొద్దున కాఫీకి పిలిస్తే, “ఇయ్యాల ఏం తాగొద్దు ఆంటీ!” అంటూ పరుగెత్తింది. మోచేతి మడతలో దూది, దాని మీద టేపు.

“టాటూలకి తీరిక ఉంది, డబ్బా ఇవ్వడానికి లేదు!” రుసరుసలాడింది విద్య. “మన పులిహోర తిని మనకే ఉపవాసం కబుర్లు!”

“పోనీవోయ్, డబ్బా గురించి అంత డబ్బా కొట్టాలా?”

“డబ్బా కాదండీ, గెబో! ఆ పిల్ల దగ్గరే ముడి చిక్కుపడిపోయింది. అందుకే మనకేదీ...” వాచిన అతని పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. దాత దొరికారట. పేరు చెప్పొద్దన్నారట.

ఆపరేషన్ అయ్యేదాకా విద్య కుర్చీ అంచునే కూర్చుంది. చివరికి నర్సు వచ్చి, “ఇద్దరూ బాగున్నారు,” అంటూ చిన్న కాగితపు సంచి చేతికిచ్చింది. “డోనర్ మీకిమ్మన్నారు.”

విద్య లోపల చెయ్యి పెట్టింది. చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

ఖాళీ డబ్బా, అడుగున గెబో.