ఎర్రగీత దాటిన ముల్లు

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది పడేలోపు ఇమ్మాన్యుయేల్ కారు బానెట్ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మూడు వారాల్ల మూడోసారి తెచ్చిన," అన్నాడు గిరీష్. "ఇయ్యాల బాగుగాకపోతే ఈ చేతుల్తోని మళ్ల స్పానర్ పట్టవు. చెప్తున్న."

ఉత్త బెదిరింపు కాదని ఆ కళ్లు చూస్తేనే తెలుస్తోంది.

కారుకొచ్చిన రోగం విచిత్రమైంది. స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. పది నిమిషాలు నడవగానే టెంపరేచర్ ముల్లు లేచి ఎర్రగీత దాటుతుంది. ఇంజను ఎక్కడ కాలిపోతుందోనని కారు తన జోరు తానే తగ్గించుకుంటుంది. ఇక యాక్సిలరేటర్ మీద ఎక్కి నిలబడినా నలభై దాటదు. వాటర్ క్యాన్ల ఆటోలు కూడా హారన్ కొట్టి మరీ దాటిపోతాయి. హైటెక్ సిటీలో పాతికమందిని గడగడలాడించే మేనేజరుకు అది తల కొట్టేసినంత పని.

పైగా అది మామూలు కారు కాదు. ఏడాది కిందట ఇదే మూసాపేట షెడ్డులో ఇమ్మాన్యుయేల్ దాని ఇంజను విప్పాడు. టర్బో మార్చాడు. లోపలి కంప్యూటర్లో లెక్కలు తిరగరాసి, నూట ఎనభై మీద పరుగెత్తేలా చేశాడు. అలా చేతులు పెట్టిన బండిని షోరూము వాళ్లు గేటు లోపలికి రానివ్వరు. తిట్టినా కొట్టినా గిరీష్ రావాల్సింది ఇక్కడికే.

ముందు సీట్లో అతని భార్య వాసంతి కూర్చుని ఉంది. దిగలేదు. దెబ్బల చప్పుడుకు తల కూడా తిప్పలేదు. ఆ చప్పుడు ఆమెకు కొత్తేమీ కాదు మరి.

ఇమ్మాన్యుయేల్ పెదవి మీది నెత్తురు తుడుచుకుని పనిలోకి దిగాడు. టెంపరేచర్ సెన్సర్ విప్పాడు. పొయ్యి మీద గిన్నెతో నీళ్లు పెట్టి, దాన్ని అందులో ముంచి, మీటరు తీగలు తగిలించాడు. నీళ్లు కాగేకొద్దీ మీటర్లో అంకె తగ్గుతూ వచ్చింది. మంచి సెన్సరైతే అలాగే తగ్గాలి.

"సెన్సర్‌లో లోపం లేదండి," అన్నాడు.

గిరీష్‌కి కోపం నషాళానికంటింది. మీటరు లాక్కుని గోడకేసి కొట్టాడు. ఇప్పటికి రెండు సెన్సర్లు మార్పించావు, అన్నీ బాగుంటే ముల్లు ఎందుకు లేస్తోందని అరిచాడు. చేతికందిన స్పానర్ విసిరాడు. అది ఇమ్మాన్యుయేల్ మోచేతికి తగిలి ఠంగున గచ్చు మీద పడింది.

పక్కన టైర్ల షాపు నర్సింహ పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. పెద్దాయన మీద చెయ్యి చేసుకోవడమేమిటని అడిగాడు. అడిగినందుకు రొమ్ము మీద ఒక గుద్దు తిని టైర్ల గుట్ట మీద పడ్డాడు.

అప్పుడు గిరీష్ అసలు సంగతి తన నోటితోనే చెప్పాడు.

"ఇంట్ల ఇది ఎదురు మాట్లాడితే ఏం జేస్తనో తెల్సా? కార్ల కూసోబెట్టి రింగ్ రోడ్డు ఎక్కిస్త. దాని సీటు బెల్టు తీపిచ్చి, నూట ఎనభై మీద. కండ్లు మూస్కొని దండం పెడ్తది. మూడు వారాల సంది దీని ముంగట నవ్వులపాలైతున్న. నీ వల్ల."

గొప్పగానే చెప్పాడు. సిగ్గనేది పొరపాటున కూడా అతని ఛాయలకు రాలేదు. వాసంతి మాత్రం తన ఒళ్లోకి చూసుకుంటూ కూర్చుంది.

నర్సింహ లేచి, ఇమ్మాన్యుయేల్‌ని పక్కకు లాగి బతిమాలాడు. రోగం తెలియలేదని ఒప్పుకుని బండి పంపించేయమన్నాడు. ప్రగతి నగర్‌లో ఇంకో మెకానిక్ ఉన్నాడు, ఆ తంటాలేవో వాడే పడతాడన్నాడు.

"ఇది నా చేతి బండి," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "ఇంకొకడు ముట్టుకోవడానికి వీల్లేదు."

ముప్పై ఏళ్లుగా పనిలో ఉన్నవాడి పొగరు ఇది అనుకున్నాడు నర్సింహ. ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికొస్తున్నా ఈ మనిషికి పట్టుదల పోదు కదా అని లోపలే తిట్టుకున్నాడు.

ఇమ్మాన్యుయేల్ మళ్లీ బానెట్ కిందికి వంగాడు. సెన్సర్ బిగించాడు. గొట్టాలు తడిమాడు. ఫ్యాను తిప్పి చూశాడు. చివరికి తల పైకెత్తి, లోపం వైర్లలో ఎక్కడో ఉందని, ఒక్కొక్కటీ విప్పి చూడాలంటే ఇంకో వారం పడుతుందని నెమ్మదిగా చెప్పాడు. కుడిచెయ్యి ఇంకా బండి అంచు మీదే ఉంది.

గిరీష్ రెండు చేతులతో బానెట్ దించాడు. బలమంతా పెట్టి దించాడు.

ఎముకలు విరిగిన చప్పుడు నర్సింహకు స్పష్టంగా వినిపించింది. ఇమ్మాన్యుయేల్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. అతని వేళ్లు బానెట్ సందులోనే ఉన్నాయి. అప్పుడు వాసంతి తల తిప్పింది. మొగుడి వైపు కాదు, ఇమ్మాన్యుయేల్ వైపు చూసింది.

"వచ్చే శనివారం వస్త," అన్నాడు గిరీష్ బానెట్ ఎత్తుతూ. "ఇంకో చెయ్యి ఉంది కదా నీకు."

కారు వెళ్లిపోయింది. మెట్రో స్తంభాల పక్కన సిగ్నల్ దాటేసరికి ముల్లు లేచినట్టుంది, వెనకాల బస్సువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నర్సింహ తన తువ్వాలు చించి, చితికిన వేళ్లకు చుట్టాడు. దవాఖానకు ఆటో పిలిచాడు. అతనికి ఏడుపు ఆగలేదు.

"కనీసం వచ్చే శనివారానికన్నా ఆ రోగమేందో దొరుకుతదా అన్నా?"

ఇమ్మాన్యుయేల్ తల అడ్డంగా ఊపాడు.

మూడు వారాల కిందట సర్వీసింగుకి వచ్చిన రోజున, మొగుడు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లగానే వాసంతి చేతులు జోడించి ఒక్క మాట అడిగితే, ఇంజను మామూలుగా వేడెక్కినా ముల్లు ఎర్రగీత దాటేలా సెన్సర్ వైరుకు బియ్యపు గింజంత రెసిస్టర్ ముక్క అతికించి, పైన నల్లటేపు చుట్టింది ఇమ్మాన్యుయేలే.