చీటీ ఉన్న పుస్తకం

“నాలుగేళ్ళుగా మీ గుమ్మం చుట్టూ తిరుగుతున్నాను సవిల్లమ్మా! ఈ అమ్మాయి వచ్చి నాలుగు వారాలు కాలేదు. పెట్టె ఎవరికివ్వడం న్యాయమో మీరే చెప్పండి!” అన్నాడు వెర్లిన్ కానగీ. గొంతు పెంచకూడదనుకుంటూనే పెంచాడు.

ఎనభై నాలుగేళ్ళ సవిల్లా రెనో ఎండు ఆపిల్ కజ్జికాయల పళ్ళెం అతని ముందుకు జరిపింది. బల్ల మధ్యలో కొయ్యపెట్టె ఉంది. అందులో ఆవిడ ముత్తాత, పాత పద్ధతులు వదలని ఆమిష్ క్రైస్తవులకు ఒకప్పటి బిషప్పు, నలభయ్యేళ్ళపాటు రాసిన దినచర్య ఉంది. ఈ లోయలో సంఘం ఎందుకు చీలిపోయిందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వచ్చే వేసవిలో కాలేజీ నుంచి రిటైరయ్యే వెర్లిన్‌కి, ఆ పెట్టె దొరికితేనే తన పేరు చెప్పుకోవడానికి ఒక పుస్తకం మిగులుతుంది.

ఎదురుగా రొవీనా జూక్ చేతులు కట్టుకుని కూర్చుంది. తన దగ్గర ఓనమాలు దిద్దుకున్న పిల్ల! ఒక్కటంటే ఒక్క పుస్తకం రాసింది, దానికి బహుమతి, ఊరూరా ఉపన్యాసాలు. వెర్లిన్ నాలుగు రాశాడు. నాలుగూ ఆమిష్‌లకు దాయాదులైన మెన్నొనైట్ల కాలేజీ లైబ్రరీలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఆమె నవ్వినా, నవ్వకపోయినా అతనికి కడుపు మండిపోతోంది.

“ముందొక మాట,” అంది సవిల్లమ్మ, పెట్టెలోంచి ఒక కాగితం తీసి. “ఇది చదవగలవా పిల్లా?”

రొవీనా కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. “పాత జర్మన్ గొలుసుకట్టు అవ్వా. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అర్థమవుతోంది. నేర్చుకోవాలి.”

“నాకు మంచినీళ్ళు తాగినంత సులువు,” అన్నాడు వెర్లిన్ వెంటనే. కాగితం లాక్కుని నాలుగు వరుసలు గడగడా చదివేశాడు.

“అబ్బో! మా ఆయన బతికుంటే సంతోషించేవాడు,” అంది సవిల్లమ్మ. “సరే, మీ ఇద్దరి మధ్యా నేను తీర్పు చెప్పలేను. మాలో బోధకుణ్ణి ఎలా తేలుస్తామో అలాగే తేలుద్దాం. చీటీ! వెర్లిన్‌కి తెలుసులే, పుస్తకంలో రాశాడుగా.”

“పదకొండో అధ్యాయం. మీరు చదివారా?” అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

“మా కోడలు చదివి వినిపించింది. బాగా రాశావు.”

ఆవిడ లోపలికి వెళ్ళి రెండు లావుపాటి పాటల పుస్తకాలు తెచ్చింది. రెండిటికీ రబ్బరు బ్యాండ్లు వేసి బల్ల మీద నిలబెట్టింది. “ఒకదాంట్లో చీటీ ఉంది. ఆ పుస్తకం ఎవరు తీస్తే వాళ్ళకు పడ్డట్టు. దేవుడి మాట ఇది. పడ్డాక కాదనడానికి వీల్లేదు. ఒప్పుకున్నట్టేనా?”

ఇద్దరూ సరేనన్నారు.

“కాఫీ తాగి మొదలుపెడదాం. రా పిల్లా, కప్పులు అందుకుందువుగాని.”

ఆడవాళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. వెర్లిన్ ఒక్కడే మిగిలాడు. ముప్ఫై నాలుగేళ్ళు నిజాయితీగా పాఠాలు చెప్పినవాడు, ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాడు, అంతసేపూ బల్ల కేసి చూడకుండా ఉందామనే అనుకున్నాడు. లోపలి నుంచి రొవీనా నవ్వు వినిపించింది. ముసలావిడను అప్పుడే బుట్టలో వేసుకుంటోంది మహాతల్లి!

అతని చేతులు బ్యాండ్లు తీసేశాయి. దగ్గరి పుస్తకంలో ఏమీ లేదు. దూరంగా ఉన్నదాంట్లో, మధ్య పేజీల్లో, మడత పెట్టిన తెల్ల చీటీ. గబగబా బ్యాండ్లు వేసి, పుస్తకాలు ఎక్కడివక్కడ నిలబెట్టి, కజ్జికాయ ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. దేవుడికి మాత్రం నా కష్టం తెలియదా అని సర్దిచెప్పుకున్నాడు.

కాఫీలయ్యాయి. “పెద్దవాడివి, ముందు నువ్వు తియ్యి,” అంది సవిల్లమ్మ.

“ఇదిగోండి సార్, మీ చెయ్యి దగ్గరే ఉంది,” అని రొవీనా దగ్గరి పుస్తకాన్ని అతని వైపు జరిపింది.

ఎంత జాణ! ఖాళీది నాకు అంటగడదామనే! వెర్లిన్ దాన్ని పక్కకు నెట్టి, చెయ్యి చాపి రెండోది తీసుకున్నాడు. బ్యాండు లాగి తెరిచాడు. చీటీ బల్ల మీద పడింది.

“నాకే!” అని కేకేశాడు.

సవిల్లమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. లేచొచ్చి అతని తల మీద చెయ్యి వేసింది. “అయ్యో నాయనా! ఈ వయసులో నీకే పడాలా!” అంది. రొవీనా తల వంచుకుని కూర్చుంది. అతనికి ఆ వంచిన తల చూస్తే పండగలా ఉంది. చిరునవ్వు ఆపుకుంటూ పెట్టె మీద చెయ్యి వేశాడు.

సవిల్లమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి, పెట్టెను రొవీనా ఒళ్ళో పెట్టింది. “పుస్తకం ఈ పిల్ల రాస్తుంది నాయనా. వచ్చే సోమవారం నుంచి నువ్వు ఈ రాతంతా దీనికి చదివిపెట్టాలి, ఎక్కడా నీ పేరు లేకుండా. చీటీ పడ్డవాడి మెడకు పడేది సేవ అనే కాడే గాని కిరీటం కాదని పదకొండో అధ్యాయంలో నువ్వే రాశావుగా!”