ఒక్కమాట గారి పరిచర్య

“నన్నిక ఎక్కడా పెట్టరా పాస్టరు గారూ? దేవుడికి నేను అంత అక్కర్లేనివాణ్నా?”

ఆ మాట అడుగుతూ ఆయన పాస్టరు గారి బల్ల ముందు కుర్చీలో కూలబడ్డారు. ఆయన రిటైరైన హెడ్‌క్లర్కు. ‘ఒక్క మాట’ అని మొదలుపెట్టి పూట గడిచినా ఆపరు కాబట్టి చర్చిలో అందరూ ఒక్కమాట గారంటారు.

పాపం, ఆయన పట్టి వదలని పరిచర్య లేదు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లను ఆహ్వానించమంటే, ఒక్కొక్కరినీ ఆపి తన ఆఫీసు రోజులు ఏకరువు పెట్టారు. లోపల ప్రసంగం అయిపోయింది, జనం మాత్రం ఇంకా మెట్ల మీదే ఉన్నారు. పాటల బృందంలో వేస్తే చరణానికీ చరణానికీ మధ్య వ్యాఖ్యానం. పిల్లలకు కథ చెప్పమంటే నోవహు ఓడ ఎక్కేలోగా సగం మంది నిద్రపోయారు.

ఇంట్లోనూ అదే తంతు. ఆయన నోరు తెరవగానే భార్య మిక్సీ వేసేది. కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాడు.

పాస్టరు పరిచర్యల జాబితా మరోసారి తిరగేశారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది.

“ఒకటుంది. మన నర్సమ్మ గారు తుంటి విరిగి మంచం పట్టారు కదా. ఆదివారం ఆదివారం వెళ్లి ఆవిడ దగ్గర కూర్చోండి. ఇదైనా నిలబెట్టుకోండి బాబూ, ఇంతకుమించి నా దగ్గర లేదు.”

నర్సమ్మ గారు జీవితమంతా ఆస్పత్రిలో నర్సుగా రోగుల మధ్య పరుగులు పెట్టిన మనిషి. ఇప్పుడు కదల్లేక గోడవైపు చూస్తూ పడుకుని ఉన్నారు.

“అమ్మగారూ, ఒక్క మాట...”

“ఒక్క నిమిషం ఆగు నాయనా, ప్రార్థన చేసుకోనీ.”

ఆవిడ కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. నొప్పి తగ్గడానికి కాబోలనుకుని ఈయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇక ఎత్తుకున్నారు: ఆఫీసు, మాట వినని కొడుకు, మిక్సీ వేసే భార్య. విచిత్రం, ఆవిడ ఆపలేదు. కాస్త తడబడితే “ఊఁ, తర్వాత?” అని అందించారు కూడా. రాని ప్రమోషను దగ్గరికి వచ్చేసరికి ఈయన కళ్లు చెమర్చాయి.

వారాలు గడిచాయి. ఒక్కమాట గారి నడకే మారిపోయింది. ఇంట్లో మాటలు తగ్గాయి, మిక్సీ వంటకు మాత్రమే తిరుగుతోంది. ఒకరోజు ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పారు. అదీ క్లుప్తంగా!

“దేవుడు నన్ను వాడుకుంటున్నాడు. నర్సమ్మ గారు రోజురోజుకూ తేరుకుంటున్నారు. నేను వెళ్లకపోతే పాపం ఆవిడ ఏమైపోయేవారో!”

పాస్టరు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం కూడా పరిచర్య ముగించుకుని మెట్ల దాకా వెళ్లాక గొడుగు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చారు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నర్సమ్మ గారు ఫోన్లో మాట్లాడుతున్నారు. అంత హుషారైన గొంతు ఆవిడ దగ్గర ఈయనెప్పుడూ వినలేదు.

“పాస్టరు గారూ, మంచం మీదున్నదాన్ని ఇంకెవరికి సేవ చేయగలనని నేను ఏడిస్తే ఆయన్ని నాకు అప్పజెప్పారు కదా, ఈ వారం కూడా ఆసాంతం విన్నాను, పేషెంటు బాగా తేరుకుంటున్నాడు!”