పిడుగుపిట్ట నడుము

“ఈ పిల్ల ఎగరడం లేదమ్మా. ఎవరో విసిరేసినట్టుంది.”

గుమ్మంలోంచి ఆ మాట వినగానే పళ్ళక్కకి ఒళ్ళు మండింది.

దంతవైద్యుడి గది వెనక కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న గది ఆమెది. అందుకే ఇంట్లో అందరికీ పళ్ళక్క. తీరిక దొరికితే పళ్ళకి వాడగా మిగిలిన మైనంతో వేలెడంత బొమ్మలు చేస్తుంది. చెల్లెలూ దాని స్నేహితులూ బల్ల చుట్టూ చేరి, తలొక సూపర్ హీరో అయిపోయి గంటల తరబడి ఆడుకునే ఆటకి ఆ బొమ్మలే కావాలి.

ఇవాళ మాత్రం సరదా పని కాదు. ఆ ఆట తయారుచేసే కంపెనీ పోటీ పెట్టింది. గెలిచిన బొమ్మని కొత్త ఆటపెట్టెలన్నిటిలోనూ వేస్తారు. ఫొటోలు పంపడానికి ఐదింటి వరకే గడువు. అప్పుడే నాలుగైంది.

బల్లమీద సన్నటి తీగకి గుచ్చిన సూపర్ హీరో పిల్ల బొమ్మ, పిడుగుపిట్ట, గాల్లో ఉంది. పిడికిళ్ళు ముందుకి, కాళ్ళు వెనక్కి, చూపు తిన్నగా. నెల రోజుల కష్టం అది.

గుమ్మంలో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. పై వరసలో ముందు పళ్ళు నాలుగు లేవు. కట్టబోయే పళ్ళ రంగు సరిచూడమని డాక్టరుగారే పంపించారు.

“విసిరేసినట్టా?” అంది పళ్ళక్క.

“ఎగరడం చేతుల్లో ఉండదమ్మా, నడుములో ఉంటుంది. పైగా దీని చూపు ఎటో ఉంది. గాల్లో ఉన్నవాళ్ళు దిగబోయే చోటే చూస్తారు.”

ఫోను మోగింది. చెల్లెలు.

“అక్కా, పంపావా? ఇక్కడ మేమంతా గోళ్ళు కొరుక్కుంటున్నాం!”

“పంపుతున్నానే, నా ప్రాణం తియ్యకు!”

ఫోను పెట్టేసరికి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేసింది. “కాస్త వేడి చేసి, నడుం వంచి చూడరాదూ?” అంటూ చెయ్యి చాపింది.

“ముట్టుకోకండి! మీరెప్పుడైనా ఎగిరారా ఏమిటి?”

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఏదో, కొంచెం.”

“ముందు ఆ పళ్ళు పెట్టించుకోండి పిన్నిగారూ. ఎగిరే పాఠాలు తరవాత చెబుదురుగాని.”

నోరు జారింది. అన్నాక పళ్ళక్కకే మనసు చివుక్కుమంది. కానీ తప్పయిందనడానికి నోరు రాలేదు.

రంగు సరిచూస్తుంటే ఆవిడ బుద్ధిగా నోరు తెరిచి కూర్చుంది. వెళ్తూ వెళ్తూ బొమ్మకేసి మరోసారి చూసి, “మంచి పిల్ల. పడనివ్వకు,” అంది.

పళ్ళక్క ఫొటో తీయబోయి ఆగిపోయింది.

నిజమే. విసిరేసినట్టే ఉంది!

గబగబా స్పిరిటు దీపం వెలిగించింది. చాకు వేడిచేసి బొమ్మ నడుముకి తగిలించింది. మైనం మెత్తబడింది. ఊపిరి బిగబట్టి రవ్వంత వంచింది. ఒక మోకాలు మడిచింది. మెడ తిప్పి చూపు కిందికి దించింది.

పిడుగుపిట్ట ఎగిరింది!

“అమ్మ బాబోయ్!” అంటూ పళ్ళక్క కుర్చీలోంచి లేచిపోయింది. గడువుకి రెండు నిమిషాల ముందు ఫొటోలు పంపింది.

ఆ వారమంతా ఆవిడ పళ్ళు నాలుగూ ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేసింది. బిగించుకోవడానికి వచ్చినప్పుడు తప్పు ఒప్పేసుకోవాలనుకుంది.

పదో రోజున చెల్లెలి అరుపుకి ఫోను పగిలినంత పనైంది.

“అక్కా! గెలిచాం! మూడొందల బొమ్మల్లో మనదొక్కటే ఎగురుతోందని రాశారే!”

పళ్ళక్క ఎగిరి గంతేసింది. సందడికి పక్కగదిలో నోరు తెరుచుకుని కూర్చున్న రోగి కూడా లేచి వచ్చి చూశాడు. ఆనందంతో ఆమెకి కాళ్ళు నేలమీద నిలవలేదు. అంతలోనే ఆ ముందు పళ్ళావిడ గుర్తొచ్చింది. ఈ కబురు అందరికంటే ముందు ఆవిడకే చెప్పాలి. మొదటి బొమ్మ ఆవిడ చేతిలోనే పెట్టాలి.

డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తింది.

“ఆ నాలుగు పళ్ళావిడ ఎప్పుడొస్తారండీ?”

“వచ్చి వెళ్ళిపోయారు కదమ్మా. మొన్న నువ్వు సెలవు పెట్టిన రోజున బిగించేశాను. పళ్ళు చేసినమ్మాయిని చూడాలని కాసేపు కూర్చున్నారు కూడా. ఆ రాత్రే ఊరు మారిపోతున్నామన్నారు.”

“నంబరుందా?”

“పాతది ఉంది. మోగట్లేదు.”

“ఎవరండీ ఆవిడ?” అంది పళ్ళక్క.

“నీకు తెలీదూ?” డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. “సినిమాల్లో హీరోయిన్లు మేడల మీదనుంచి గాల్లోకి ఎగురుతారు చూడు, వాళ్ళకి బదులుగా నడుముకి తాడు కట్టుకుని పాతికేళ్ళు ఎగిరింది ఆవిడేనమ్మా, ఆఖరిసారి ఆ తాడు తెగి పళ్ళు పోగొట్టుకునేదాకా.”