మేకులా, జనమా?

"ఇదేమన్నా సినిమా టికెట్టా అమ్మా, ఒకరికి బదులు ఇంకొకరు రావడానికి?" శిక్షణ ఇచ్చే ఇంజనీరు ఆమె చేతిలోని కాగితాన్ని వెనక్కి తోశాడు. "చెక్క కట్టడాలకు కొత్త నిబంధనలు వచ్చాయి. అవి లైసెన్సు ఉన్న వడ్రంగులకు చెప్పడానికి ఈ మూడు రోజుల క్లాసు. పిలుపు మీ ఆయన పేరున ఉంది. ఆయన్నే పంపించండి."

"ఆయన రాలేరు సార్."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"జైల్లో ఉన్నారు."

గదిలో ఉన్న ముప్ఫై మంది వడ్రంగులూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. అందరికీ తెలిసిన సంగతే. రెండు నెలల కిందట ఒక మేడ మీద చెక్క బాల్కనీ గోడ నుంచి ఊడిపడి ఇద్దరు పోయారు. దాన్ని కట్టిన మేస్త్రి ఈమె భర్తే. "మేకులు నేనే కొట్టాను" అని పోలీసులు అడక్కముందే ఒప్పేసుకున్నాడు.

ఇంజనీరు గొంతు తగ్గింది. "సర్టిఫికెట్టు మీకు రాదమ్మా."

"వద్దు సార్. వెనక బెంచీలో కూర్చుని వింటాను, అంతే."

ఆమెకు కావలసింది ఒక్క జవాబు. జైల్లో ఆయన తిండి మానేశాడు. కంటి మీద కునుకు లేదు. ఆమె వెళ్ళినప్పుడల్లా జాలీ అవతల నుంచి ఒకటే ప్రశ్న. "మేకుల వల్ల పడిందా, జనం ఎక్కువై పడిందా? తెలిసినవాళ్ళను ఎవరినైనా అడగవే. అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

మొదటి రోజు చెప్పింది ఆమెకు సగం అర్థం కాలేదు. చెక్కలో తేమ ఎంత ఉండాలి, దూలానికీ దూలానికీ మధ్య ఎంత ఎడం ఉండాలి, అన్నీ నోట్సులో ఎక్కించుకుంది. రెండో రోజు అందరినీ పెరట్లోకి తీసుకెళ్ళారు. అక్కడ రెండు ఉత్తుత్తి గోడలు నిలబెట్టి ఉన్నాయి. ఒకదానికి బాల్కనీ దూలాలను మేకులతో కొట్టారు. రెండోదానికి బోల్టులతో బిగించారు.

"బాల్కనీ నిండా పన్నెండు మంది నిలబడితే ఎంత బరువో ఈ పన్నెండు ఇసుక బస్తాలూ అంత బరువు" అన్నాడు ఇంజనీరు. "చూడండి."

ముందు మేకుల గోడ. ఆమె పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఆరో బస్తాకి కిర్రుమంది. ఆమె కొంగు పిడికిట్లో బిగించింది. ఎనిమిదోది పెట్టగానే మేకులు వెన్నలోంచి కత్తి వచ్చినంత సులువుగా బయటికొచ్చేశాయి. దూలాలు, బస్తాలు అన్నీ ధడేల్మని కింద పడ్డాయి.

"సార్, ఇంకొక్కసారి."

"ఎన్నిసార్లు చేసినా మేకు మేకేగా అమ్మా" అన్నాడెవరో. ఒకరిద్దరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు.

"ఈసారి కాస్త పొడుగు మేకులు కొట్టించండి సార్. ఆయన పొట్టివి వాడరు."

ఇంజనీరు కాదనలేకపోయాడు. కొత్త దూలాలు, పొడుగు మేకులు. తొమ్మిదో బస్తాకి అవీ ఊడిపోయాయి. బోల్టుల గోడ మాత్రం పన్నెండూ మోసింది. దాని మీదికి ఒక లావుపాటి వడ్రంగి ఎక్కి గెంతినా చెక్కుచెదరలేదు.

బస్తాలు సర్దుతున్నప్పుడు ఇంజనీరు ఆమె దగ్గరికొచ్చాడు. "ఆ రోజు ఎంతమంది నిలబడ్డారమ్మా దాని మీద?"

"తొమ్మిది మంది."

ఆయన చేతిలో ఉన్న బోల్టు ఆమెకు చూపించకుండా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి, తలుపు తట్టకముందే కొడుకు తీశాడు. ఆరేళ్ళుగా తండ్రితో కలిసి పని చేసినవాడు, ఈ రెండు నెలలూ ఉలి ముట్టలేదు.

"అమ్మా, ఆగాయా మేకులు?"

"ఆగలేదురా."

ఆ రాత్రి ఆమె వడ్డించిన కంచం ముందు నుంచి వాడు లేచిపోయాడు.

మూడో రోజు ఆమె క్లాసుకు వెళ్ళలేదు. కొడుకును వెంటబెట్టుకుని జైలుకు వెళ్ళింది. భర్త జాలీ అవతలికి వచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. ఆయన వెనక బల్ల దగ్గర, వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చిన కేసు అధికారి కాగితాలు తిరగేస్తున్నాడు.

"కనుక్కున్నావా? మేకులా, జనమా?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా ఆమె ఆయన దగ్గర దాచలేదు. ఆ కళ్ళు చూసింది. ఎటూ శిక్ష తప్పదు. కనీసం ఒక ముద్ద తింటాడు, ఒక రాత్రి నిద్రపోతాడు.

"మేకులు బాగానే ఆగాయండీ. రెండుసార్లు బరువు పెట్టి చూపించారు. నా కళ్ళతో చూశాను. జనం ఎక్కువయ్యారు, అంతే."

వెనక నిలబడ్డ కొడుకు ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది.

"నిజంగానే?"

"మీ మీదొట్టు."

ఆయన జాలీకి నుదురానించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. రెండు నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసి ఆమెకూ కళ్ళు నిండాయి.

"అయితే మేకుల్లో తప్పే లేదన్నమాట! ఇక భయపడాల్సిన పనేముందే, పిచ్చిదానా!" అంటూ ఆయన గబుక్కున అధికారి వైపు తిరిగాడు.

"సార్, ఆ కాగితం మార్చి రాయండి. దూలాలు బిగించిన రోజు నేను ఆ మేడే ఎక్కలేదు, ఆ మేకులు కొట్టింది మా అబ్బాయి!"